రెండుసార్లే తెరిచే తలుపు

ఆ ఇంటికి ముందు తలుపు ఉంది కాని, దానికి బయట పిడి లేదు. లోపల మాత్రం మూరెడు పొడుగు ఇనప గడియ. సముద్రపు కట్ట కింద ఉన్న ఇళ్లన్నింటికీ అంతే. పెళ్లికూతురు లోపలికి వచ్చేటప్పుడు తీస్తారు, శవం బయటికి వెళ్లేటప్పుడు తీస్తారు. మిగతా రోజుల్లో పాస్టరుగారైనా సరే, పన్నులవాడైనా సరే, పశువుల కొట్టం పక్క తలుపు దగ్గర చెక్క బూట్లు విడిచి రావలసిందే. కొత్తవాడెవడైనా తెలియక ముందు తలుపు తడితే, "ఇక్కడింకా ఎవరూ పోలేదండీ, వెనకవైపు రండి!" అని లోపల్నుంచి కేక వేసేవారు. ఊళ్లో అదో పాత వేళాకోళం.

హిల్లె ఆ తలుపులోంచి రాలేదు.

పెళ్లికి ముందు ఆమె ఆ ఇంట్లోనే పాలు పితికే పనిమనిషి. పదకొండేళ్ల కిందట ఆ ఇంటి కొడుకు రేయర్ ఆమెను చేసుకున్నాడు. చర్చి నుంచి నల్లటి పెళ్లి గౌనులో వచ్చేసరికి ముందు తలుపు బిగించి ఉంది. అత్తగారు నేల్ట్యె కిటికీలోంచి తల బయట పెట్టింది.

"పేడతట్టతో ఏ దారిన వచ్చావో ఆ దారినే రా. ఈ తలుపూ తీస్తాలేవే నీకు, ఒక్కసారి. అప్పుడు నువ్వు నడవక్కర్లేదు."

చుట్టాలు నవ్వారు. రేయర్ నేల చూశాడు. హిల్లె గౌను అంచు ఎత్తి పట్టుకుని, ఆవుల మధ్య నుంచి కాపురానికి వచ్చింది.

మొన్న అక్టోబరులో నేల్ట్యె పోయింది. కాళ్లు ముందుగా ఆ తలుపులోంచే వెళ్లింది. శవపేటిక కాలవ మీది వంతెన దాటకముందే హిల్లె గడియ వేసింది. గట్టిగా వేసింది. ఆ సంగతి ఆమెకు బాగా గుర్తు.

ఫిబ్రవరిలో కాలవలన్నీ గడ్డకట్టాయి. ఒక సోమవారం హిల్లె ముందు గదిలోకి వెళ్లింది. ఆ గదిలో ఎవరూ మసలరు. నేల మీద తెల్లటి ఇసుక పరిచి, చీపురుతో అలల్లాగా గీతలు తీసి వదిలేస్తారు. గీతలు చెదరలేదు. కాని గడియ రెండు వేళ్ల మేర వెనక్కి జరిగి ఉంది. తోసి వచ్చింది. మంగళవారం చూస్తే సగం దాకా వచ్చేసింది. ఆ సాయంత్రమే ఆరేళ్ల కూతురు లైస్యెకి దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు. కుక్క మొరిగినట్టు దగ్గు, దాని వెనక రంపం కోసినట్టు ఊపిరి.

వడ్రంగి బౌవెని పిలిపించింది. ఊయలలైనా శవపేటికలైనా ఆ ఊరికి ఆయన చేతివే. గడియను ముందుకీ వెనక్కీ లాగి చూశాడు.

"ఇనుముకి జబ్బేం లేదమ్మాయ్. చెక్కకీ లేదు."

"మరెందుకు జారుతోంది, బౌవె మామా?"

ఆయన పొగాకు గొట్టం నోట్లోంచి తీశాడు. "చిన్నదానికి ఎలా ఉంది?"

"నేనడిగింది గడియ గురించి."

"నేనూ దాని గురించే అడుగుతున్నా."

బౌవె ఇసుక మీద అడుగు పెట్టకుండా గోడ వార నుంచే బయటికి వచ్చాడు.

"మా తాత చెప్పేవాడు. ఈ తలుపులు తమంతట తాము తెరుచుకున్నాయంటే ఎవరో ఒకరు దాటాలట. దాటందే మూసుకోవట."

"మీ తాత ఇంకేం చెప్పేవాడు? చేపలు చెట్టెక్కుతాయనా?"

"అదీ చెప్పేవాడు. కాని అది తాగినప్పుడు." ఆయన నవ్వలేదు. "సరేలే. గురువారం పొద్దున కొత్త గడియ తెస్తాను."

బుధవారం మధ్యాహ్నానికి లైస్యె పెదాలు నీలంగా మారాయి. దారి మంచుతో పూడిపోయింది. గడ్డకట్టిన కాలవ మీద జారుకుంటూ పోతే పట్నం రెండు గంటలు. రేయర్ బూట్ల అడుగున మంచు మీద జారే ఇనప పట్టాలు కట్టుకున్నాడు.

"డాక్టర్ని తీసుకునే వస్తాను. పొయ్యి ఆరనీకు." గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. "ఆ గదిలోకి వెళ్లకు హిల్లె."

"ఎందుకు? అది నా ఇల్లు కాదా?"

రేయర్ నేల చూశాడు. తర్వాత వెళ్లిపోయాడు.

మూడు గంటలకల్లా పొగమంచు దిగింది. కట్ట కనబడలేదు. పెరట్లో బావి కనబడలేదు. చివరికి కిటికీ అవతల ఏమీ లేకుండా పోయింది. ఇంట్లో కట్టెలకు బదులు వాడే పీట్ మట్టిబెడ్డలు కాలుతున్న పొగ వాసన. గోడ అవతల పదహారు ఆవులు నెమరు వేస్తున్న చప్పుడు. ఆ చప్పుడు ఉన్నంతసేపూ హిల్లెకి ధైర్యంగానే ఉంది.

లైస్యె గోడలో అరలాగా కట్టిన పడకలో, మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. అక్కడ అందరూ అలాగే పడుకుంటారు, సగం కూర్చునే. తిన్నగా వెల్లకిలా పడుకునేది చచ్చినవాళ్లు.

హిల్లె మట్టిబెడ్డలు తేవడానికి కొట్టంలోకి వెళ్లింది. బుట్ట నింపుకుని రావడానికి ఎంతసేపు? రెండు నిమిషాలు.

వచ్చేసరికి లైస్యె తిన్నగా వెల్లకిలా పడుకుని ఉంది. మూడు దిండ్లూ కాళ్ల దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. చేతులు రెండూ రొమ్ము మీద... వేళ్లలో వేళ్లు పెట్టి.

బుట్ట చేతిలోంచి జారింది. పిల్లను లేపి గుండెకు ఆనించుకుంది. ఊపిరి ఉంది. సన్నగా, కీచుమంటూ ఉంది.

"ఎవరమ్మా దిండ్లు తీసింది?"

"నాయనమ్మ..." పిల్ల గొంతు పెగలడం లేదు. "తిన్నగా పడుకోమంది... అలాగైతే నొప్పుండదంది."

అప్పుడు ముందు గదిలో చప్పుడైంది. ఇనుము మీద ఇనుము రాసుకున్న చప్పుడు.

కర్‌ర్‌ర్... ఆగింది.

కర్‌ర్‌ర్...

కొట్టంలో నెమరు ఆగిపోయింది. పదహారు ఆవులూ ఒక్కసారే. తెరిచి ఉన్న గుమ్మంలోంచి హిల్లె అటు చూసింది. తోకలకు పేడ అంటకుండా దూలానికి కట్టిన తాళ్లు కనబడ్డాయి. అన్నీ వణుకుతున్నాయి. ఆవులు మాత్రం కదలడం లేదు.

పిల్లను దుప్పటిలో చుట్టి ఎత్తుకుంది. ముందు గదిలోకి వెళ్లింది. వెళ్లకుండా దాక్కోవచ్చు. కాని ఎక్కడ? ఉన్నది ఒక్కటే ఇల్లు.

తలుపు బార్లా తెరిచి ఉంది.

పొగమంచు మోకాలి ఎత్తున గదిలోకి పారుతోంది. తడిమట్టి వాసన... దాని వెనక విరిగిన పాల వాసన. గుమ్మం అవతల మెట్టు మీద ఎవరో నిలబడి ఉన్నారు. తెల్ల టోపీ. నల్ల శాలువా. దవడ ఊడకుండా కట్టిన గుడ్డ, నడినెత్తిన ముడి.

నోరు కదల్లేదు. మాట మాత్రం వచ్చింది.

"ఇటు... ఇవ్వు..."

హిల్లె తలుపు మీద భుజం వేసి తోసింది. కదల్లేదు. కట్ట అవతలి సముద్రమంతా ఆ తలుపుకి అటువైపు ఆనినట్టుంది. మళ్లీ తోసింది. చంకలో లైస్యె ఊపిరి ఒకసారి ఆగింది... వచ్చింది... ఆగింది.

"కాళ్లు ముందు..." అంది ముసలిది. చేతులు చాపింది.

దాటందే మూసుకోవు. బౌవె మాట హిల్లె చెవిలో తిరిగింది. ఎవరో ఒకరు దాటాలి. దాటాలి... అంతేగా? లోపల్నుంచి బయటికే దాటాలని ఎవడన్నాడు?

భయం పోలేదు. కాని దాని పక్కనే కోపం వచ్చి నిలబడింది. పదకొండేళ్లు అణిచి పెట్టిన కోపం.

పిల్లను కాళ్ల దగ్గర కూర్చోబెట్టి, గోడ పక్క చెక్క పెట్టె మూత ఎత్తింది. పెళ్లి గౌను లాగి పనిబట్టల మీదే తొడుక్కుంది. గుండీలు సగం పట్టలేదు. పట్టకపోతే పోనీ. పిల్లను భుజాన వేసుకుంది. చాచిన ఆ చేతులకు వీపు చూపించి నడిచింది. కొట్టంలోకి, బిగుసుకుపోయిన ఆవుల మధ్య నుంచి, పక్క తలుపు దాకా. చెక్క బూట్లలో కాళ్లు దూర్చింది. బయటికి వెళ్లింది.

చలి ముఖాన చెంపదెబ్బలా తగిలింది. చాచిన చెయ్యి కూడా కనబడనంత మంచు. ఎడమ చేత్తో గోడ తడుముకుంటూ నడిచింది. ఇటుక... ఇటుక... కిటికీ చట్రం... ఇటుక. చెక్క బూట్లు గడ్డకట్టిన నేల మీద టకటకమంటున్నాయి. కాసేపటికి ఆ చప్పుడు వెనక ఇంకో చప్పుడు వినబడింది. ఆమె ఆగితే అది ఒక అడుగు ఎక్కువ వేసి ఆగుతోంది.

"చూడకమ్మా," అంది పిల్లతో. "అమ్మ మెడ చూడు."

"అమ్మా... ఎక్కడికి?"

"పెళ్లికి."

మూల తిరిగింది. ముందు తలుపు పసుప్పచ్చటి వెలుగు ముక్కలా కనబడింది. మెట్టు మీద ఎవరూ లేరు.

ముసలిది ఇప్పుడు లోపల ఉంది. గడప మీద అడ్డంగా, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి. అచ్చం ఆ రోజు కిటికీలోంచి చూసినట్టే చూస్తోంది.

"ఆ దారినే... పో..."

"పోను." హిల్లె పిల్లను ఇంకా గట్టిగా పట్టుకుంది. "పదకొండేళ్లు పోయాను. నీ ఆవుల్ని పితికాను. నీ పేడ ఎత్తాను. ఆఖర్న మంచంలో నీ కిందా మీదా కడిగాను. నీ దవడ కట్టింది కూడా ఈ చేతులే అత్తా. ముడి గట్టిగానే వేశానే, ఇంకా ఎలా మాట్లాడుతున్నావు?"

ముసలిది కదల్లేదు. కళ్లు మాత్రం పిల్ల మీదికి తిరిగాయి.

"తలుపు తీశావు. తీసింది నువ్వే, నేను కాదు. పెళ్లికూతురు వచ్చింది. జరుగు."

జరగలేదు.

హిల్లె అడుగు వేసింది.

గడ్డకట్టిన కాలవ పగిలి అడుగు నీళ్లలో పడినట్టయింది. ఊపిరి లేదు. వెలుగు లేదు. నోట్లో మట్టి రుచి. భుజం మీది పిల్ల పాదాన్ని ఏదో పట్టుకుంది... లాగుతోంది... వెనక్కి, బయటికి. హిల్లె రెండు చేతులా పిల్లను బిగించింది. పళ్లు కరిచింది. రెండో అడుగు.

"నా పిల్ల. నా ఇల్లు."

మూడో అడుగు ఇసుక మీద పడింది.

వెనక తలుపు ఎంత గట్టిగా మూసుకుందంటే, అల్మారాలో పింగాణీ పళ్లేలు రెండు పగిలాయి.

లైస్యె ఒక్కసారి పెద్దగా దగ్గింది. గొంతులోంచి ఏదో తెగినట్టు. తర్వాత గుక్కపట్టి ఏడ్చింది. అంత మంచి ఏడుపు హిల్లె జన్మలో వినలేదు.

ఆరు గంటలకు రేయర్ డాక్టరుతో వచ్చాడు. డాక్టరు పిల్ల గొంతు చూశాడు, వీపు మీద చెవి పెట్టి విన్నాడు.

"బయట చలిగాలికి తిప్పావా? బుద్ధి ఉన్న తల్లి చేసే పనేనా అది?" అని కసిరాడు. తర్వాత అద్దాలు తుడుచుకుంటూ, "అదే బతికించింది. చల్లగాలికి వాపు తీసి గొంతు తెరుచుకుంది," అన్నాడు. అప్పుడు ఆమె గౌను చూశాడు. "ఏమిటిది, పండగా?"

"పెళ్లి," అంది హిల్లె.

రేయర్ ముందు గదిలోకి తొంగిచూశాడు. ఇసుక మీద చెక్క బూట్ల గుర్తులు, తలుపు దగ్గర మొదలై లోపలికి వస్తున్నాయి. చాలాసేపు చూశాడు. ఈసారి నేల చూడలేదు. భార్య ముఖం చూసి, తలమీది టోపీ తీశాడు.

గురువారం పొద్దున బౌవె కొత్త గడియ పట్టుకుని వచ్చాడు. తలుపు ముందు వంగాడు. అలాగే ఉండిపోయాడు.

"మామా, నడుం పట్టేసిందా?" అంది హిల్లె. పిల్ల ఆమె ఒళ్లో మజ్జిగ జావ తాగుతోంది. రేయర్ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఈ తలుపుకి గడియ అక్కర్లేదు," అన్నాడు బౌవె. "మేకులు కొట్టేశారు. ఎనిమిది."

"ఎవరు?"

ఆయన ఒక మేకు తల మీద గోటితో గీకాడు. పసుప్పచ్చటి బంకమన్ను రాలింది. మేకు తల మీద చిన్న అడ్డగీత కనబడింది. బౌవె తన మేకులన్నిటికీ పెట్టే గీత.

"ఇవి నావే. కాని నేనిక్కడ కొట్టలేదు." రెండో మేకు మీదా గీకాడు. "అక్టోబరులో కొట్టాను. మీ అత్తగారి శవపేటిక మూతకి. ఎనిమిదే."



"తలలు ఇటు ఉన్నాయి," అన్నాడు బౌవె నెమ్మదిగా. "లోపల నిలబడి కొట్టినవి."

రేయర్ ముఖం పాలిపోయింది. "అంటే అమ్మ..." అన్నాడు. "ఇంట్లోనే..."

బౌవె సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఉలి రెండుసార్లు కింద పడేసుకున్నాడు. హిల్లె జావ గిన్నె కింద పెట్టి, పిల్ల మూతి తుడిచి, లేచి నిలబడింది. దూలాల వంక, గోడల వంక, మూలల్లోని చీకటి వంక చూసింది.

"ఉంటే ఉండు!" అంది గట్టిగా, ఇల్లంతా వినబడేలా. "వెళ్లమని నేను అనను. కాని ఇప్పుడీ ఇంటి యజమానురాల్ని నేను. నా ఇంట్లో ఊరికే కూర్చునేవాళ్లెవరూ ఉండరు. ఉండాలంటే పని చెయ్యాలి. పాలు పితకాలి."



తర్వాత కొట్టంలో ఆవులన్నీ ఒక్కసారి కాళ్లు సర్దుకున్నాయి. ఇత్తడి బకెట్టు రాతినేల మీద జరిగిన చప్పుడు వచ్చింది. దాని వెనకే పాలధార... రెండు చేతుల వాటంతో, తడబాటు లేకుండా, ఒకటి తర్వాత ఒకటి.

పొద్దుటి పాలు హిల్లె తీసి గంట దాటింది. ఏ ఆవు పొదుగులోనూ చుక్క మిగల్చలేదు.

నలుగురూ కదలకుండా వింటున్నారు. ఖాళీ ఇత్తడి మీద ఖణఖణమని పడుతున్న ధార మెల్లమెల్లగా మెత్తబడుతూ, నిండుతున్న బకెట్టు చప్పుడులోకి మారుతోంది.