ఎక్కువ మాట్లాడితే నేను కాదు

"సీసా పోతే పోనివ్వండి. మనుషుల్ని పట్టుకోండి."

ఢిల్లీ నుంచి వచ్చిన ఆర్డర్ అంతే. చీఫ్ ఫణిభూషణ్ దాన్ని టీముకు చదివి వినిపించి ఫోన్ బోర్లా పెట్టాడు. మేడ్చల్ రోడ్డు మీద 'ఓపెన్ ప్లాట్లు' అని బోర్డు పెట్టుకున్న ఆ ఆఫీసులో అమ్మడానికి ఒక్క ప్లాటు కూడా లేదు. అది గూఢచారి విభాగం వాళ్ళ ముసుగు. నిజంగానే ప్లాట్లకోసం వచ్చిన అమాయకులకు టీ పోసి, బ్రోచర్ చేతిలో పెట్టి సాగనంపేవాళ్ళు.

బ్రీఫింగ్ చకచకా సాగింది. షామీర్‌పేట వైపు ఉన్న ఒక ల్యాబ్‌లో కొత్త వ్యాక్సిన్‌కు ప్రాణంలాంటి సీడ్ కల్చర్, అంటే మూల సూక్ష్మజీవులున్న సీసా ఉంది. దాన్ని కాజెయ్యడానికి ఒక విదేశీ ముఠా ల్యాబ్ వ్యాన్ డ్రైవర్ని కొనేసింది. ఆ డ్రైవర్ అప్పటికే కస్టడీలో ఉన్నాడు. బేరమంతా ఫోన్లోనే జరిగింది కాబట్టి అతని ముఖం ముఠాకు తెలియదు. అతని బదులు టీములోని ఏజెంట్ సాయికిరణ్ వ్యాన్ నడుపుతాడు. ఐస్ బాక్సులో ఉండేది ఉప్పునీళ్ళ సీసా, బాక్సు అడుగున ట్రాకర్. శనివారం సాయంత్రం షామీర్‌పేట చెరువు పక్కన దాబా పార్కింగులో బాక్సు చేతులు మారుతుంది. అక్కడే రెండో ఏజెంట్ సృజన మక్కకంకులు కాలుస్తూ కూర్చుంటుంది. మైకు ఆమెకు విసనకర్ర పిడిలో, సాయికిరణ్‌కు మెడలోని తాయత్తులో. పోలీసు బలగం ఔటర్ రింగు రోడ్డు దగ్గర ఆగి ఉంటుంది.

"ఎనీ డౌట్స్?" అన్నాడు ఫణిభూషణ్.

ఆ ఆఫీసులో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు. డౌటుందన్నవాణ్ణి ఫైళ్ళ గదికి పంపేయడం ఆయనగారి పద్ధతి మరి.

"క్లియర్ సార్" అన్నారు ఇద్దరూ.

సాయికిరణ్ తాయత్తును గుప్పిట్లో నలుపుతున్నాడు. కీసర కుర్రాడు, పెళ్ళి కుదిరినవాడు. భయంగా ఉందా అని అడుగుదామనుకున్నాడు ఫణిభూషణ్. నోరు రాలేదు. అడిగితే తన భయం కూడా బయటపడుతుంది. దానికి బదులు రూలు ఒకటి గుర్తు చేశాడు. ఈ ముఠా మరో యూనిట్ చీఫ్ గొంతును మెషిన్‌తో కాపీ కొట్టి, ఒక ఏజెంట్‌ను పిలిపించి చంపేసింది.

"గొంతు విని నమ్మకండి. తీరు చూడండి. నేను తక్కువ మాట్లాడతాను. ఎక్కువ మాట్లాడితే అది నేను కాదు."

అలాంటి మనిషి శుక్రవారం సాయంత్రాల్లో మాత్రం వేరే మనిషి. సుచిత్ర సెంటర్‌లో ఒక కాఫీ షాపు, మూల టేబులు, ఎదురుగా సాయిప్రియ. ముఠా నడిపే ఎక్స్‌పోర్ట్ కంపెనీలో ఆమె ట్రాన్స్‌లేటర్. అతనికి సమాచారం అందించే ఇన్‌ఫార్మర్, కోడ్‌నేమ్ సంపెంగ. ఆమె నవ్విందంటే పక్క టేబుళ్ళ వాళ్ళు కప్పు ఎత్తడం మరిచిపోయేవాళ్ళు. ఆమె దగ్గర సమాచారం రాబట్టడం అతని డ్యూటీ. కానీ ఒంటి మనిషి, ఇంటికెళితే పలకరించే దిక్కు లేదు. ఆఫీసులో తనే కట్టుకున్న గోడ. ఆ వారం శుక్రవారం ఆమె "అలా ఉన్నారేం?" అని ఒక్క మాట అడిగేసరికి కరిగిపోయాడు. కుర్రాణ్ణి పంపుతున్నానని, వాడికేమైనా అయితే తట్టుకోలేనని, నిద్ర పట్టడం లేదని చెప్పుకున్నాడు. చెప్పుకుంటూ పోతే ప్లానంతా వచ్చేసింది. టీము మాట్లాడుకునే రేడియో ఛానెలూ, తన గొంతు గురించి పెట్టిన రూలూ కూడా. ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

శనివారం చెరువుగట్టు మీద జనం కిటకిటలాడుతున్నారు. కారులో కూర్చున్న ఫణిభూషణ్ చెవిలో సాయికిరణ్ గొంతు పలికింది, మలుపు దాటి దాబా దారి పట్టానని. జవాబివ్వడానికి ఫణిభూషణ్ నోరు తెరిచేలోపే జవాబు వినిపించింది.

"క్లియర్. లోపలికి రా."

అది తన గొంతే. తన పెదవులు మాత్రం కదలలేదు.

పార్కింగు వైపు బైనాక్యులర్ తిప్పాడు. తెల్ల ఎస్‌యూవీ ముందు సీట్లో నల్లకళ్ళద్దాలతో సాయిప్రియ, ఒళ్ళో ల్యాప్‌టాప్. ముంబై వెళ్తున్నానని నిన్ననే చెప్పింది. వెనక డోరు పక్కన ఒకడు కోటు కింద తుపాకి సర్దుకుంటున్నాడు. సీసాలో ఉప్పునీళ్ళని తెలిశాక వాళ్ళకు బాక్సు అక్కర్లేదు. పోయినసారిలాగే ఏజెంట్‌ను చంపి వెళ్ళిపోతే చాలు.

కారు వైర్‌లెస్‌లో పోలీసులను పిలిచి, ఛానెల్‌లోకి అరిచాడు. "సాయీ, ఆగు! అది నేను కాదు. వాళ్ళకన్నీ తెలుసు. నేనే చెప్పేశాను, తప్పు నాదే, నా మాట నమ్ము..."

"అది మెషిన్. ముందుకు రా" అంది రెండో గొంతు. పొడిగా, కరుగ్గా, అచ్చం చీఫ్ లాగే.

తర్వాత సృజన పలికింది. "సాయీ, తప్పు నాదే అనేటోడు మన సార్ గాదు. సార్ గిట్ల బతిమాలడు. నువ్వు రా."

తను ఏ రూలు చెప్పాడో అదే పట్టుకున్నారు తన టీము వాళ్ళు. అంత బాగా నేర్పినందుకు తన్ను తాను తిట్టుకుంటూ కారు దిగి పరిగెత్తాడు. ముఠా కంట్లో పడితే కాల్చేస్తారని తెలుసు. పిల్లల బెలూన్ల మధ్య నుంచి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళి సృజన బొగ్గుల పొయ్యి ముందు ఆగాడు. రొప్పు వల్ల మాట ముక్కలుగా వచ్చింది.

"నేనే, సృజనా. భయంగా ఉందని మీకు చెప్పుకోలేక ఆ సాయిప్రియకు చెప్పుకున్నాను. ఆమె వాళ్ళ మనిషి. వాణ్ణి చంపేస్తారు. ఆపు తల్లీ."

తల్లీ అన్న మాటకు సృజన తలెత్తింది. చీఫ్ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. విసనకర్ర నోటి దగ్గరికి లాక్కుంది.

"సాయీ, సారే! నా ముంగటనే నిలవడ్డడు, ఏడుస్తుండు. జల్దీ తిప్పు, తుపాకులున్నయ్!"

వ్యాన్ అప్పటికే గేటు దాటింది. కోటువాడు వ్యాన్ డోరు హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. సాయికిరణ్ కిందికి వంగి, రివర్స్ గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కాడు. పేలిన గుండు అద్దాన్ని పగలగొట్టి సీటులో దిగింది. వ్యాన్ వెనక్కి దూసుకెళ్ళి గేటుకు అడ్డంగా ఇరుక్కుంది. పార్కింగుకు ఉన్న దారి అదొక్కటే. ముఠా వాళ్ళు ఎస్‌యూవీ వదిలి గోడ దూకబోయేసరికి పోలీసు జీపులు చుట్టుముట్టాయి.

బేడీలతో నడుస్తూ సాయిప్రియ అతని దగ్గర ఆగింది. "నువ్వు చెప్పినవాటిలో నాకు పనికొచ్చినవి కొన్నే, ఫణీ. మిగతావన్నీ వినాలనిపించి విన్నాను."

అది నిజమో, వెళ్తూ వెళ్తూ వేసిన ఇంకో ఎత్తో అతనికి తెలియలేదు. నిజమైతే బాగుండునని మాత్రం అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

సాయికిరణ్ నుదుటి మీద గాజుముక్కలు తీయించుకుంటూ అంబులెన్సు మెట్టు మీద కూర్చున్నాడు. ఫణిభూషణ్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఆ టీములో ఎవరి పక్కనా అతను అలా కూర్చోలేదు.

"పొద్దుగాల నుంచి భయమైతాంది సార్" అన్నాడు సాయికిరణ్. "మీరు అడుగుతరేమోనని సూసిన."

"అడగాల్సింది."

సృజన వచ్చి నిలబడింది. తెల్లబండి మధ్యాహ్నమే దాబా చుట్టూ తిరగడం తను చూసిందట. పక్కా తెలియకుండా చెప్తే తిడతారని ఊరుకుందట. చెప్పి తల దించుకుంది. తిట్టే అర్హత తనకు లేదన్నాడు ఫణిభూషణ్. తర్వాత ముగ్గురూ చల్లారిన కంకులు తింటూ చాలాసేపు భయం గురించే మాట్లాడుకున్నారు.

ఆ పై వారం ఢిల్లీ నుంచి కవరొచ్చింది. మనసులో మాట బయటపెట్టినందుకు సస్పెన్షన్ ఆర్డరు, మనసులో మాట బయటపెట్టి ఏజెంట్‌ను కాపాడినందుకు ప్రశంసాపత్రం, రెండూ ఒకే కవర్లో ఉన్నాయి. ఏది నమ్మాలో అతనికి తోచలేదు. ఎవరినైనా అడిగితే బాగుండుననిపించి, సృజనకు ఫోన్ చేశాడు.