స్టిక్కరు మీద అరవై నాలుగు

“పన్నెండు కాగానే క్లోరిన్ వాల్వులన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి. ఊరు ఊరంతా విషం తాగుతుంది,” అన్నాడు చీఫ్, పళ్ళు కుట్టుకుంటూ.

ఏజెంటు మొహం చిట్లించాడు. విషానికి కాదు, ఆ పంటిపుల్లకి. అతని శుభ్రం పిచ్చి చూసి డిపార్ట్‌మెంటంతా అతన్ని ‘సబ్బు’ అనే పిలుస్తుంది.

చీఫ్ పెన్నుల్లాంటి డ్రైవులు రెండు బల్ల మీద పెట్టాడు. “పరాయి ముఠా వాటర్‌వర్క్స్ కంప్యూటర్లో దొంగ ప్రోగ్రాం పెట్టింది. విరుగుడు ఇదీ. ఆపరేటింగ్ సిస్టమ్ ముప్ఫై రెండు బిట్లయితే ఎర్రది, అరవై నాలుగైతే నీలంది. తప్పుది పెట్టావో, వాల్వులు అప్పుడే తెరుచుకుంటాయి.”

“ఇంతకీ ఏది సార్?”

“నీలం. ముఠాలో ఉన్న మన మనిషి రాసి పంపింది. ఫైల్లో ఉంది.”

ఆ మనిషి కంట్రోల్ రూమ్ గుమ్మంలోనే ఎదురైంది. వేషం సాఫ్ట్‌వేర్ ఇంజనీరుది, అందం సినిమా తారది, సెంటు మాత్రం పది మందికి సరిపడా.

“పంపు ఎండిందా?” అన్నాడు ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న సబ్బు.

“మోటారు తడిసింది,” అంటూ కోడ్ సరిగ్గా అప్పజెప్పింది.

టైము పన్నెండుకు ఆరు నిమిషాలు తక్కువ. కీబోర్డు చూడగానే సబ్బు రెండడుగులు వెనక్కేశాడు. రొట్టె పొడి, తలవెంట్రుకలు, జిడ్డు, ఓ మూల నమిలి అంటించిన చూయింగ్ గమ్. ఊరి ప్రాణాలు ఈ చెత్తకుప్ప మీద ఆధారపడ్డాయని ఒళ్ళు మండిపోయింది.

“చూస్తారేంటి? కంప్యూటర్ డబ్బాకున్న స్టిక్కరు మీదే ఉందిగా అరవై నాలుగని. నీలం పెట్టేయండి,” ఆమె తొందర చేసింది.

మూల బల్ల దగ్గర లాగ్‌బుక్కు రాసుకుంటున్న ఆపరేటరు తలెత్తాడు. “డబ్బా కొత్తదేనమ్మా. మా ముసలి ప్రింటరే అరవై నాలుగు సిస్టమ్‌తో పనిచెయ్యనంది. రోజూ కాగితం మీద సంతకం లేకపోతే పై ఆఫీసు ఊరుకోదుగా! అందుకే లోపల పాత సిస్టమే వేయించుకున్నాం.”

సబ్బు ఊపిరి బిగబట్టి, చిటికెనవేలి కొసతో ఆ జిడ్డు మీటలు నొక్కి సెట్టింగ్స్ తెరిచాడు. ప్రాసెసర్ అరవై నాలుగు. ఆపరేటింగ్ సిస్టమ్ ముప్ఫై రెండు.

వీపుకి ఆమె లిప్‌స్టిక్‌లాంటి పిస్టల్ ఆనింది. “నీలమే పెట్టు.”

“తెలిసే రాశావన్నమాట!”

“మీ ఆఫీసులో ఫైలు నమ్మేవాళ్ళే గాని, మిషన్ తెరిచి చూసేవాళ్ళెవరు?”

సబ్బుకి ఆ కీబోర్డు మీద కన్నా ఆమె మీదే ఎక్కువ రోత పుట్టింది. ఆమె అన్నది నిజమైనందుకు ఇంకా రోత పుట్టింది.

అంతలో ఆపరేటరు లాగ్‌బుక్కెత్తి ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. పిస్టల్ ఎగిరి నేలమీద పడింది. సబ్బు ఎర్ర డ్రైవు పెట్టాడు. గడియారంలో ముళ్ళు రెండూ కలిసే వేళకి, ‘వాల్వులు మూసి ఉన్నాయి’ అని స్క్రీన్ మీద అక్షరాలు పడ్డాయి.

ఆమెని గార్డులకి అప్పగించి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

“శభాష్! నే చెప్పలా, అరవై నాలుగని?”

“ముప్ఫై రెండు సార్.”

“అదేలే. రిపోర్టులో మాత్రం అరవై నాలుగనే రాయి. ఫైలు దిద్దాలంటే ముగ్గురు సంతకాలు పెట్టాలి, అందులో ఇద్దరు రిటైరైపోయారు.”