పేపర్లో లేని సీను

మా ఇంట్లో టీవీ నా మంచానికి ఎదురుగా ఉంటుంది. అందుకే ఆ ఇద్దరి పంచాయితీ అంతా నా కళ్ల ముందే జరిగింది. కాళ్లు బాగుంటే లేచి బయటికి పోయేవాణ్ని. మోకాళ్ల నొప్పులు. ఎక్కడికి పోతాను?

అమల నా మనవరాలు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీలో మేడం ఒక పని పెట్టింది. సినిమాల్లో ఆడవాళ్లను, మగవాళ్లను ఎప్పుడూ ఒకే అచ్చులో పోసి ఎందుకు చూపిస్తారో, ఇద్దరిద్దరు కలిసి వెతికి పేపర్ రాయాలి. బాగున్నవి యూనివర్సిటీ సెమినార్లో చదివిస్తారు. అమలకు జతపడ్డవాడు సామ్యూల్. సంతోష్‌నగర్ పిల్లవాడు. తండ్రి సీమోను కరెంటు లైన్‌మన్. తల్లి లీలమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది.

వాడు మొదటిసారి వచ్చిన రోజు గేటు దగ్గరే ఆగిపోయాడు. గేటుకు అడ్డంగా నవాబు నిలబడి ఉంది. నవాబు మా దున్నపోతు. మాది గౌలిపురలో తాతల నాటి పాల ఇల్లు. బర్రెలు తగ్గాయి కానీ నవాబు దర్జా తగ్గలేదు.

"ఎక్స్‌క్యూజ్ మీ," అన్నాడు సామ్యూల్. దున్నతోనే.

నవాబు చెవి కూడా ఆడించలేదు.

"కొంచెం జరుగుతరా సార్?"

వాకిట్లో బకెట్ కడుగుతున్న అమలకు నవ్వు ఆగలేదు. "దానికి ఇంగ్లీష్ రాదు. నవాబ్, హట్."

నవాబు పక్కకు జరిగింది.

"నీ మాట ఇంటదా?"

"పుట్టంగనే తల్లి సచ్చిపోయింది. సీసాతోని పాలు తాపిన. నా మాటనే ఇంటది. రా లోపలికి. తోకకు దూరంగ నడువు."

వాడు గోడకు ఆనుకుని పక్కకు పక్కకు నడిచి, చొక్కా నిండా సున్నం అంటించుకుని లోపలికి వచ్చాడు.

మొదటి సినిమాకే లడాయి. తెర మీద హీరోయిన్ బస్సు ఎక్కితే హీరో బస్సు ఎక్కుతాడు. ఆమె గుడికి పోతే గుడికి పోతాడు. ఆమె తిడితే నవ్వుతాడు.

"ఎంత సిన్సియర్‌గ తిరుగుతుండు జూడు," అన్నాడు సామ్యూల్. "లవ్ అంటే ఇది."

"నా ఎనక ఎవడన్న గిట్ల తిరిగితె పోలీసోళ్లకు ఫోన్ జేస్త."

"హీరోకు గుడనా?"

"హీరో అని ఆమెకు తెల్వదు కదా. పోస్టర్ జూసింది నువ్వు, ఆమె గాదు."

సామ్యూల్ సినిమా ఆపేశాడు. ఆ మాట వాడికి ఎక్కడో గట్టిగా తగిలింది. ఆ రోజు నుంచి మనిషే మారిపోయాడు. అమల కన్నా వాడే ఎక్కువ పట్టు పట్టడం మొదలుపెట్టాడు. ప్రతి సీనుకూ "ఆపు, ఆపు" అనడం, వెనక్కి తిప్పడం, రాసుకోవడం. ఎవరు ముందు మాట్లాడారు, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారు, అడిగి పట్టుకున్నారా, అడగకుండానా. ఒక్క సినిమా అయినా చివరి దాకా చూడనిస్తే ఒట్టు.

"విలన్ సచ్చిండా లేదా, గది జెప్పుండ్రి," అన్నాను ఒకరోజు, ఓపిక చచ్చి.

"విలన్ ఎవరో మేమింక డిసైడ్ జెయ్యలే తాతా," అన్నాడు వాడు.

పేపర్‌కు పెద్దవాళ్ల మాటలు కూడా కావాలట. నన్నూ, మా ఆండాలునూ ఎదురుగా కూర్చోబెట్టారు. ఆండాలు నా భార్య. కొత్త చీర కట్టుకుని వచ్చింది, వాళ్లేమో గొంతు మాత్రమే రికార్డ్ చేశారు. ఆ కోపం ఆమెకు ఇంకా ఉంది.

"తాతా, మీ ఇంట్ల పిల్లను ఎట్ల అడుగుతరు?" అన్నాడు సామ్యూల్.

మా ఇంటి ఆచారం చెప్పాను. దీపావళి వెళ్లాక సదర్ వస్తుంది. పాలవాళ్ల పండుగ. దున్నకు నూనె రుద్ది, గవ్వల దండలు, నెమలి ఈకలు కట్టి, డప్పులతో తిప్పుతాం. గౌరవం ఉన్న ఇంటి ముందు అది సలాం కొడుతుంది. అది ఊరి మర్యాద. మా ఇంట్లో ఇంకొకటి ఉంది. వియ్యమందాలని మనసు ఉన్న ఇంటి ముందు డప్పు ఆపేస్తాం. దున్న రెండు మోకాళ్లూ వంచుతుంది. ఆ ఇంటివాళ్లు చేత్తో బెల్లం తినిపిస్తే ఒప్పుకున్నట్టు. కొబ్బరికాయ ఇచ్చి పంపిస్తే వద్దన్నట్టు.

"మస్తుంది తాతా. కాదన్నా ఎవరి ఇజ్జత్ పోదు." వాడి ముఖం వెలిగిపోయింది. "మరి తాడు ఎవరు పడ్తరు?"

"మున్నా పడ్తడు." మున్నా అమలకు అన్న.

"సీసాతోని పాలు తాపింది అమల కదా?"

ఆండాలు నా ముఖం చూసింది. నేను ఫ్యాన్ చూశాను.

"అది మా ఇల్లు. సినిమా గాదు," అంది అమల.

"నేనేమన్న అన్ననా? రీసెర్చ్ క్వశ్చన్ అడిగిన."

"నీ క్వశ్చన్లు నీ దగ్గర పెట్టుకో."

వాడు వెళ్లిపోయాక ఆండాలు చాయ్ గ్లాసులు తీస్తూ, "పోరడు తెలివిగల్లోడే," అంది. అమల వినలేదు, లేదా విననట్టు ఉంది. కానీ వాడు తాగిన గ్లాసు తనే కడిగింది.

నాకు అప్పుడే అర్థమైంది. ఇంట్లో నాకూ ఆండాలుకూ అర్థమైంది. బహుశా నవాబుకు కూడా. అర్థం కానిది ఆ ఇద్దరికే.

వాన కురిసిన రోజు చెప్తాను వినండి. సాయంత్రం, వీధంతా నీళ్లు. ఇంట్లో ఉన్నది ఒక్కటే గొడుగు. అమల దాన్ని విప్పి గడప మీద నిలబడింది. "బస్టాప్ దాంక వస్త, పా."

వాడు గొడుగు చూశాడు. ఆమెను చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"వద్దు. నేను పోత."

బ్యాగు నెత్తిన పెట్టుకుని వానలోకి దిగి పోయాడు. చూస్తుండగానే నానిన బట్టల మూట అయ్యాడు.

"గీనికి ఏం పుట్టింది?" అన్నాను.

"గొడుగు సీన్ మా పేపర్ల ఉంది తాతా." అమల పళ్లు కొరికింది. "వానల ఒక గొడుగు కింద ఇద్దరిని తోలి, గదే ప్రేమ అని జూపిస్తరు, అది తప్పని రాసినం. అది రాసింది గుడ వాడే."

"మరి రేపు వానికి జ్వరమొస్తె, అది ఒప్పా?" అంది ఆండాలు.

జ్వరం రానే వచ్చింది. వారం రోజులు ఇద్దరూ ఫోన్లోనే పేపర్ రాసుకున్నారు. తుమ్ములు నా మంచం దాకా వినిపించేవి.

సెమినార్ అయింది. అందరూ చప్పట్లు కొట్టారట. మేడం వీపు తట్టిందట. పేపర్ అయిపోయింది. సామ్యూల్ రావడం కూడా అయిపోయింది. రావడానికి వాడికి ఇంకో సాకు లేదు, తెచ్చుకునే ధైర్యం లేదు. అమల బకెట్లు గట్టిగా పెట్టసాగింది. నవాబు మీద అరవసాగింది. టీవీలో పాట వస్తే ఆపేస్తుంది. పోనీ అని వార్తలు పెడితే అవీ ఆపేస్తుంది.

"ఫోన్ జెయ్యరాదు?" అన్నాను.

"నేనెందుకు జెయ్యాలె? ఆయనకు చేతుల్లేవా?"

"ఎప్పుడు మొగోడే ముందుగాల చెప్పాల్నా అని మొన్న నువ్వే చదివి ఇనిపిచ్చినవ్."

అమల నా చేతిలో మాత్రలు పెట్టింది. "మింగు తాతా," అంది. మాట్లాడకు అని దాని అర్థం.

ఒకరోజు అమల కాలేజీకి పోయినప్పుడు సామ్యూల్ వచ్చాడు. జ్వరమప్పుడు ఆండాలు పంపిన చారు గిన్నె తిరిగి ఇవ్వడానికి. ఖాళీగా ఇవ్వకూడదని లీలమ్మ అందులో అరిసెలు పెట్టింది. వాడు గిన్నె ఇచ్చి, పోకుండా నిలబడ్డాడు.

"కూసో," అన్నాను. "అమల మీద నీకు మనసుందా లేదా?"

"ఉంది తాతా." ముఖం వేలాడేశాడు. "కని ఎట్ల జెప్పాలె? గేటు ముంగట నిలబడితె తప్పు. బస్సు ఎంబడి పోతె తప్పు. పదిమందిల మోకాళ్ల మీద గూసుంటే, ఆమె మీద జోర్ పెట్టినట్టు. ఉన్న తొవ్వలన్ని మేమే మూసేసినం."

"ఎదురుంగ గూసొని నోటితోని జెప్పు."

"ఆమె ఏదన్న మొహమాటానికి అంటే? మీ ఇంట్ల తిన్న, తాగిన. కాదనలేక అవునంటే?"

"మరి నేను జెప్తగదా."

వాడు ఉలిక్కిపడ్డాడు. "వద్దు తాతా. పెద్దమనిషి నడుమల వచ్చి కలుపుడు గుడ తప్పని రాసినం."

నేను గోడకు తల ఆనించాను. నా యాభై ఏళ్ల పాల బేరంలో ఇంత మొండి గిరాకీని చూడలేదు.

"వాడు జెప్పడు, గది అడగదు," అంది ఆండాలు వాడు పోయాక. "నడుమల మన పానం దీస్తున్నరు."

సదర్ వచ్చింది. నవాబుకు నూనె రుద్దింది అమలే. కొమ్ములకు ఈకలు కట్టింది అమలే. మున్నా తాడు కోసం చెయ్యి చాపాడు. అమల ఇవ్వలేదు. నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"తాతా, ఈసారి నేను పడ్త."

"ఏడికి తోల్తవ్?"

"సంతోష్‌నగర్."

నా కొడుకు, కోడలు నా వైపు చూశారు. వాళ్లతో నేనూ ఆండాలూ ముందే మాట్లాడి ఉన్నాం. కోడలు కళ్లు తుడుచుకుని తల ఊపింది. మున్నా ఒక్కడే గొణిగాడు. "ఆడపిల్ల తాడు పడితె బస్తీల నవ్వరా?"

"నవ్వనియ్యి," అన్నాను. "మీ పేపర్ సల్లగుండ, నాకు ఓపిక లేదు. తీస్కపో బిడ్డా."

నన్నూ ఆండాలునూ కూడా ఆటోలో ఎక్కించారు. నవాబు చిన్న లారీలో ముందు, మేము వెనక. సంతోష్‌నగర్ గల్లీలో దిగి డప్పులు కొట్టుకుంటూ నడిచారు. జనం మేడలెక్కి చూశారు. దున్నను పట్టుకున్నది ఆడపిల్ల అని ఫోన్లు తీశారు. లీలమ్మ మెడలో టేపుతో బయటికి వచ్చింది. వెనకాల సామ్యూల్.

అమల చెయ్యి ఎత్తింది. డప్పులు ఆగాయి.

నవాబు రెండు మోకాళ్లూ వంచి తల దించింది. దాని జన్మలో అంత చక్కగా ఎప్పుడూ వంచలేదు.

సామ్యూల్ కరెంటు స్తంభం అయిపోయాడు.

లీలమ్మకు ఏమీ తెలియదు. "ఏమియ్యాలె అక్కా?" అని పక్కింటి కొమురమ్మను అడిగింది. దున్న వంగితే కాయ ఇచ్చి పంపే ఊరి మర్యాద కొమురమ్మకు తెలుసు, మా ఇంటి ఆచారం తెలియదు. లోపలికి పోయి ఒక కొబ్బరికాయ తెచ్చి లీలమ్మ చేతిలో పెట్టింది. లీలమ్మ నవ్వుతూ దాన్ని అమల ముందుకు చాపింది.

అమల ముఖంలో రక్తం లేదు. అయినా మర్యాద తప్పకుండా చెయ్యి ముందుకు పెట్టింది.

"అమ్మా, అది ఇయ్యకు," అన్నాడు సామ్యూల్.

"ఏందిరా? పండుగపూట ఒట్టి చేతుల్తోని పంపాల్నా?"

"దాన్ని దాచిపెట్టమ్మా. నీకు దండం పెడ్త."

"మరి ఏదియ్యాలనుందో గదియ్యి," అంది అమల. "దానికి మోకాళ్లు నొస్తున్నయ్."

"అడిగింది నవాబు," అన్నాడు వాడు. "నువ్వు ఇంక అడగలే."

మున్నా నెత్తి కొట్టుకున్నాడు. డప్పులవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"గౌలిపుర నుంచి దున్నను తోల్కస్తి గదరా. ఇంకేం అడగాలె?" అంది అమల.

"సాఫ్ జెప్పాలె. సైగలు లెక్కకు రావని మనమే రాసినం."

అమల తాడును చేతికి చుట్టుకుంది.

"సామ్యూల్, నువ్వంటే నాకిష్టం. పెండ్లి ముచ్చట చదువులైనంక. నీకు ఇష్టముంటే బెల్లం పెట్టు. లేకుంటే కొబ్బరికాయియ్యి, పోత. నేనేమనుకోను." ఒక్క క్షణం ఆగింది. "అబద్ధం. మస్తు అనుకుంట. కని మల్ల అడగ."

వాడు జేబులో చెయ్యి పెట్టాడు. లాగితే రాలేదు. మళ్లీ లాగాడు. కాగితంలో కరిగి, జేబుకు అతుక్కుపోయిన బెల్లం ముక్క బయటికి వచ్చింది.

"ఎప్పటిసంది పెట్టుకున్నవ్?" అంది అమల నెమ్మదిగా.

"దీపావళి తెల్లారి బేగంబజార్‌ల కొన్న. నువ్వొస్తవేమో అని."

"నేను రాకుంటే?"

"చీమలు తింటుండె."

లీలమ్మకు మెల్లగా అర్థమైంది. కొడుకును చూసింది, పిల్లను చూసింది, ఆటోలో ఉన్న నన్ను చూసింది. "పెద్దాయనా, గిదా మీ ముచ్చట?"

"గిదే అమ్మా. నీకు నచ్చకుంటే ఇప్పుడే జెప్పు. నవాబు లేచి పోతది, లొల్లి లేదు."

ఆమె మెడలోని టేపు తీసి పక్కన పెట్టింది. "మేము ప్రార్థన లేకుండ ఏది షురు జెయ్యం," అంది. భయం భయంగా నవాబు నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. తర్వాత కొడుకు చేతిలోని బెల్లం సగం విరిచి నవాబు నోట్లో పెట్టింది. "ఆయన డ్యూటీ నుంచి రానియ్యి, నేను జెప్త. నా మాట ఇంటడు."

"ఆమెన్," అంది ఆండాలు, అందరికన్నా గట్టిగా.

డప్పులు మళ్లీ మోగాయి. సరిగ్గా అప్పుడే చినుకులు పడ్డాయి. సామ్యూల్ లోపలికి పరుగెత్తి గొడుగు తెచ్చాడు. విప్పాడు. విప్పి ఆగిపోయాడు. వాడి ముఖం చూస్తే నాకు కడుపు మండింది.

"గొడుగు సీన్..." అన్నాడు.

అమల గొడుగు లాక్కుంది. "గొడుగు నేను పడ్త. గిది పేపర్ల లేదు. నువ్వు తాడు పట్టు."

వాడు రెండు చేతులతో తాడు పట్టుకుని నవాబు ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎక్స్‌క్యూజ్ మీ, నవాబు సార్. పోదామా?"

నవాబు మూతికి అంటిన బెల్లం నాక్కుంది. చెవి ఆడించింది. లేచి, వాడి వెనకాలే నడిచింది.