చీఫ్‌కి మొదటి ఇంజెక్షన్

డాక్టర్ ఓంగ్ శవం లాబ్ కోల్డ్ రూమ్‌లో దొరికింది. మెడ విరిచేశారు.

"మందు మాత్రం ఉంది," అన్నాడు చీఫ్ కూ బెంగ్ స్వీ. ఫైల్ తిప్పబోయాడు. వేళ్లు మాట వినలేదు. సింగపూర్ గూఢచారి శాఖను నడిపే ఆ చేతుల్ని కీళ్లవాతం వంకర్లు తిప్పేసింది. కీళ్లను తినేసే జన్యువు నోరు నొక్కే మందు ఓంగ్ కనిపెట్టాడు. మొదటి ఇంజెక్షన్ ఈరోజే, కూకే.

"వాయిదా వేయండి సార్," అంది ఏజెంట్ జులైహా.

"నా చొక్కా గుండీలు నేనే పెట్టుకోవాలని ఉంది జులైహా. నువ్వెళ్లి సెలెస్ట్‌ని కలువు."

సెలెస్ట్ శాఖ తరఫున విదేశీ ముఠాలో దొంగచాటుగా చేరిన మన మనిషి. పుట్టి పెరిగింది సింగపూర్‌లోనే, తోవా పాయో పేటలో అని ఫైల్లో ఉంది. అందగత్తెల ఫైళ్లు ఎవరూ రెండోసారి చదవరు.

మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో తిండి దుకాణాలన్నీ కిటకిటలాడుతున్నాయి.

"అక్కా," అంది సెలెస్ట్, "లాబ్‌లో ఉన్న సీసా విషం. ముఠా మార్చేసింది. అసలు మందు కొట్టేసి పొద్దున్నే ఆస్పత్రికి పంపించా. నా కబురు అందగానే ఆ విషాన్ని మీవాళ్లు తగలబెట్టేశారు కూడా. హమ్మయ్య, కూర్చుందామా?"

ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. సెలెస్ట్ అందులోంచి ఒకటి లాగి, కుర్చీ తుడుచుకుని కూర్చుంది.

సూప్ గిన్నెతో ఒక ఆంటీ వచ్చిపడింది. "ఏమ్మా, కళ్లు కనబడట్లేదా? ప్యాకెట్ పెట్టి లైన్లోకి వెళ్లా. నా సీటది!"

"ఎవరో మర్చిపోయారనుకున్నానండీ."

ఆ ప్యాకెట్ అంటే సీటుకి తాళమని ఈ ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు.

"తోవా పాయో పిల్లకి ఇది తెలీదా?" అంది జులైహా.

సెలెస్ట్ చెయ్యి లిప్‌స్టిక్ మీదకి వెళ్లింది. దాని కొనలో సూది మెరిసింది. జులైహా ఆంటీ గిన్నె లాక్కుని వేడి సూప్ సెలెస్ట్ ముఖాన కొట్టింది. ఆమె చేతిని నేలకి బిగించిన టేబుల్ కాలికి కలిపి బేడీ వేసింది.

"ఆలస్యమైపోయింది అక్కా," సెలెస్ట్ మూలుగుతూనే నవ్వింది. "నేను పంపింది లివర్‌ని నడిపే జన్యువు నోరు నొక్కుతుంది. జ్వరంతో పోయాడనుకుంటారు."

వార్డులో చీఫ్ ఫోన్ ఆఫ్. ఆస్పత్రి రోడ్డు అవతలే. జులైహా పరుగెత్తింది. సూది కూ చర్మానికి ఆనుతుండగా నర్సు చేతి మీద ఒక్కటిచ్చింది. సిరంజి నేల మీద పగిలింది.

కూ ఆ తడిని చూశాడు. "అసలు మందు?"

"లాబ్‌లో ఉన్నదే అసలుది. విషమని నమ్మి మనమే తగలబెట్టాం సార్. తయారీ ఓంగ్ గారికి తప్ప ఎవరికీ తెలీదు."

ఆయన చొక్కా గుండీ పెట్టుకోబోయాడు. వేళ్లు జారిపోయాయి. జులైహా కళ్లనీళ్లు ఆపుకుంటూ తనే పెట్టింది.

"ముందెళ్లి ఆ ఆంటీకి ఇంకో సూప్ కొనివ్వు," అన్నాడు కూ. "రేపు పొద్దున కాస్త త్వరగా రా. ఈ చొక్కాకి గుండీలు ఎక్కువ."