దీపాలు మింగే గేటు గది

టాటానగర్ స్టేషన్ వెనక నుంచి పర్సుడీహ్ వెళ్ళే అడ్డదారిలో ఒక గేటు గది ఉంది. వంతెన వచ్చాక అక్కడ రైలు గేటు ఎత్తేశారు. గది మాత్రం మిగిలిపోయింది. తలుపు లేదు. కిటికీకి ఊచలున్నాయి. ఊచల వెనక చీకటి.

ఆ గది దీపాలు మింగుతుందని పేరు.

చేతిలో టార్చి పట్టుకుని వెళితే సరిగ్గా ఆ గది ముందుకొచ్చేసరికి ఆరిపోతుంది. సైకిలు డైనమో లైటు మినుక్కుమని పోతుంది. బీడీ వెలిగించుకుందామని అగ్గిపుల్ల గీస్తే... పెట్టె ఖాళీ కావాల్సిందే గాని అంటుకోదు.

నేను బడిపంతుల్ని. పిల్లలకి ఇలాంటివి చెప్పేటప్పుడు కారణం కూడా చెబుతాను. ఆ దారిలో పాత పట్టాలు ఇంకా రోడ్డులోనే ఉన్నాయి. వాటి మీద కాలు తడబడుతుంది, చెయ్యి ఊగుతుంది, టార్చిలో సెల్లు కదులుతుంది. పట్టాలు దాటేటప్పుడు సైకిలు నెమ్మదిస్తే డైనమో లైటు ఆరక ఏంచేస్తుంది? అటూ ఇటూ అడ్డులేని మైదానంలో గాలికి అగ్గిపుల్ల ఎలా నిలుస్తుంది?

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక ప్రసన్న చెప్పిన సంగతి.

ప్రసన్న మా ఊరి ఆడపడుచు పైడితల్లి కూతురు. పైడితల్లి మొగుడు అప్పన్న గూడ్సు గార్డు, కాపరం పర్సుడీహ్‌లో. కిందటి ఎండాకాలం తల్లితో ఊరొచ్చినప్పుడు ప్రసన్న మా బడి అరుగు మీద కూర్చుని ఇదంతా చెప్పింది. విన్నంతవరకే రాస్తున్నాను, నేను కలిపింది లేదు.

పర్సుడీహ్‌లో అందరికీ అది గేటు గది. పైడితల్లికి తమ్ముడి గది.

తమ్ముడు సన్యాసిరావు ఆ గేటుకి గేట్‌మేన్. ఒక వానరాత్రి, గేటు వేసేలోపు ఒక ఠేలాబండి, అదే తోపుడుబండి, చక్రం పట్టాల మధ్య ఇరుక్కుంది. దూరంగా గూడ్సు కూత పెట్టింది. సన్యాసిరావు చేతిదీపానికి ఎర్ర అద్దం తిప్పి, పట్టాల మీద రైలుకి ఎదురు పరిగెత్తాడు.

వానకి దీపం ఆరిపోయింది.

అయినా ఆగలేదట. ఆరిపోయిన దీపాన్నే ఊపుతూ పరిగెత్తాడట... ఠేలావాడు బండి వదిలేసి దూకి బతికాడు. సన్యాసిరావు డ్రైవరుకి కనబడలేదు.

అప్పట్నుంచీ ఆ దారిన ఎవరి దీపం ఆరినా, సన్యాసిరావు దీపం కోసం తిరుగుతున్నాడన్నారు జనం.

ప్రసన్న డిప్లొమా పూర్తి చేసింది. బిష్టుపూర్‌లో మిషను భాగాల బొమ్మలు కంప్యూటర్లో గీసే ఆఫీసు ఒకటి ఉంటే అక్కడ అడిగింది. వాళ్ళు ఒక పాత లాప్‌టాప్ చేతికిచ్చి, ఈ గేర్‌బాక్సు బొమ్మ మొత్తం గీసి సోమవారం పట్రా, బాగుంటే ఉద్యోగం నీదే అన్నారు. సాయంత్రం షిఫ్టు. రాత్రి ఆటో స్టేషను దగ్గర దింపుతుంది. అక్కణ్ణుంచి ఇంటికి రావాలంటే ఆ గేటు గది ముందు నుంచే రావాలి.

"రాత్రేళ ఆ దారమ్మట నువ్వు రావద్దు," అంది పైడితల్లి.

"అరే, ఎంతమంది రావట్లేదమ్మా?"

"ఆలకి ఆడు మేనమావ కాడు."

ప్రసన్న వినిపించుకోలేదు. లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని, మునిమాపువేళ ఆ గది ముందు నుంచే ఇంటికొచ్చింది. ఏమీ అనిపించలేదంది. చిన్నగా చల్లగాలి తగిలింది, అంతే.

ఆ రాత్రే మొదలైంది.

మంచం మీద బొంత మడిచి, దాని మీద లాప్‌టాప్ పెట్టుకుని గీస్తోంది. నల్లటి తెర మీద తెల్లటి గీతలు. చక్రానికి పన్ను, పన్ను పక్కన పన్ను. సగం చక్రం అయింది... ఉన్నట్టుండి తెర నీలంగా మారిపోయింది. దాని మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు. చదివేలోపే నలుపు.

గీసిందంతా పోయింది.

మిషను మీద చెయ్యి వేసింది. జ్వరమొచ్చిన ఒళ్ళులా కాగుతోంది. పక్కనున్న సన్నటి కంతల్లోంచి వెచ్చటి గాలి వస్తోంది — ఎవరో ఊపిరి వదులుతున్నట్టు.

తలెత్తి చూస్తే గుమ్మంలో తల్లి.

"దీన్ని ఏ దారిని తెచ్చినావే?"

ప్రసన్న మిషను మూత దించేసింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాటాక, బొమ్మ సగానికొచ్చేసరికి నీలం తెర... తర్వాత చీకటి. గీత గీతకీ సేవ్ చేసి దాచుకోవడం నేర్చుకుంది. విండోస్ తీసేసి మళ్ళీ వేసింది. బొంత మీంచి తీసి పీట మీద పెట్టింది. ఆగిపోవడం తగ్గకపోగా పెరిగింది.

బిష్టుపూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపుకి తీసుకెళ్ళింది. అక్కడ ఏసీ గదిలో బల్ల మీద పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా వెలుగుతూనే ఉందట. ఒక్కసారి ఆగితే ఒట్టు.

"దీదీ, మషీన్ తో ఠీక్ హై," అన్నాడు షాపతను నవ్వుతూ. "ఘర్ మే హీ కుఛ్ హోగా."

మిషను బాగానే ఉంది, ఇంట్లోనే ఏదో ఉండుంటుంది — వాడు వేళాకోళానికే అన్నాడు. ప్రసన్నకి మాత్రం ఆ మాట ఆటోలో దారి పొడుగునా చెవిలో ఉండిపోయింది.

అప్పన్న డ్యూటీ దిగొచ్చి అన్నం తింటూ సంగతి విన్నాడు.

"మీ తమ్ముడికి బతికున్నన్నాళ్ళూ సైకిలు పంచరెయ్యడం రాదు. సచ్చినాక కంప్యూటరు పని నేర్సినాడేటి?"

పైడితల్లి నవ్వలేదు.

"గేట్‌మేన్‌కి తెలిసిన పని ఒకటే. ఆపడం," అంది. "ఆడు పిల్లని ఆగమంటన్నాడు."

ఆ మాటతో అప్పన్న కూడా తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.

శనివారం రాత్రి అప్పన్న మళ్ళీ డ్యూటీకెళ్ళాడు. బొమ్మలో పెద్ద చక్రం ఇంకా మిగిలే ఉంది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు మొదలెట్టినా పది పళ్ళు గీసేలోపే ఆగిపోయింది. విసిగి పడుకుంది ప్రసన్న.

ఎప్పుడో మెలకువ వచ్చింది.

గుసగుసలు.

ముందు గదిలో చిన్న దీపం వెలుగుతోంది. పీట ముందు ఒక ఆకారం... జుట్టు విరబోసుకుని, ముడుచుకుని కూర్చుని ఉంది. లాప్‌టాప్ పక్కకి మొహం ఆనించి మాట్లాడుతోంది.

"...సల్లబడు నాయినా... సల్లబడు... పిల్లది రా, ఒగ్గీ..."

తర్వాత ఊదింది. ఫూ... అని. తెల్లటి ధూళి లేచింది.

ప్రసన్న మంచం దిగబోయింది. అప్పుడు గాజులు గలగలమన్నాయి. తెలిసిన గాజులు.

"అమ్మా?"

పైడితల్లి ఉలిక్కిపడింది. అరచేతిలో విబూది.

"పడుకోలేదేటే..."

"ఏం చేస్తున్నావమ్మా?"

"దీనికి ఊపిరి ఇక్కణ్ణుంచే వత్తంది," అంది ఆ కంతలు చూపించి. "ఎచ్చగా వత్తంది. ఆడు లోపల కాగిపోతన్నాడే. ఇబూది ఊదితే సల్లబడతాడని..."

రోజూ సాయంత్రం కూతురు మొహం కడుక్కోవడానికి వెళ్ళగానే, ఆ కంతలకి సాంబ్రాణి పొగ పట్టేదట. తర్వాత చిటికెడు విబూది ఊదేదట. ఆగిపోవడం ఎక్కువైనకొద్దీ చిటికెడు కాస్తా గుప్పెడైంది.

ప్రసన్నకి ముందు నవ్వొచ్చింది. లాప్‌టాప్ లోపల చిన్న ఫ్యాను ఉంటుంది. అది వేడిని ఆ కంతల్లోంచి బయటికి తోస్తుంది. తిరగకపోతే మిషను కాగిపోయి, పాడైపోకుండా తనంతట తనే ఆగిపోతుంది. మొదటిరోజు బొంత అడ్డంపడింది. ఆ తర్వాత ప్రతిరోజూ విబూది. షాపులో ఏసీ చల్లదనం, పైగా బొమ్మ గీసే పని లేదు, అందుకే ఆగలేదు.

తల్లికి ఇదంతా నెమ్మదిగా చెప్పింది. పైడితల్లి మొత్తం విని, చేతిలో విబూది చూసుకుంది.

"అయితే... ఆడు రాలేదా?"

"ఆ గొంతులో ఊరట లేదు మాస్టారూ," అంది ప్రసన్న నాతో. "అప్పుడు నవ్వు ఆగిపోయింది."

చేతిలో విబూది దులుపుకుని పైడితల్లే మళ్ళీ అంది. "నువ్వు సెప్పినావు, నేను ఇన్నాను. నా మనసుకి తెలాలి కదా. రేపు దాన్ని కడుగు, తుడు, ఏటైనా సేసుకో. సందేళ నేను ఎదర కూకుంటాను. ఆడికి ఇష్టమైతే ఎలగనిత్తాడు. కాకపోతే ఆర్పేత్తాడు. ఆరిపోతే మాత్రం సోమారం నువ్వు గడప దాటకూడదు."

ప్రసన్న సరేనంది. ఫ్యాను బాగుపడితే ఆరదని తెలుసు. తల్లిని కొంచెం మోసం చేస్తున్నట్టే అనిపించింది... అయినా సరేనంది.

ఆదివారం మధ్యాహ్నం తండ్రి స్క్రూడ్రైవరు తీసుకుని కూర్చుంది. ముందు వైరు పీకేసింది. మిషను బోర్లించి, అడుగునున్న బ్యాటరీ ఊడదీసి, పేపర్లో చుట్టి ట్రంకుపెట్టె మీద పెట్టింది. మరమేకులు విప్పి మూత తీస్తే — ఫ్యాను రెక్కల మధ్య విబూది, సాంబ్రాణి జిడ్డు కలిసి ముద్దకట్టి ఉన్నాయి. పాత పళ్ళబ్రష్షుతో గీకింది. పుల్లకి దూది చుట్టి తుడిచింది. నోటితో ఊదితే ఫ్యాను గిర్రున తిరిగింది.

మూత పెట్టి మరమేకులు బిగించేసరికి బయట చీకటి పడింది. దేవుడి దగ్గర దీపం పెట్టేసి పిలుస్తోంది తల్లి.

"ఇంక సాలు. రా."

గబగబా పీట మీద పెట్టి, వైరు గోడకి తగిలించి, మీట నొక్కింది.

మా బడిలో ఈ కథని ఇక్కడితో ఆపేస్తాను. భయంతో చేసిన వైద్యమే రోగాన్ని పెంచిందర్రా, అంటాను. పిల్లలు బల్లలు చరిచి నవ్వుతారు. గంట కొడతారు.

మిగతాది వాళ్ళకి చెప్పలేదు.

పైడితల్లి ఎదురుగా కూర్చుంది. ఆ రోజు సాంబ్రాణి లేదు. విబూది లేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని తెరకేసి చూస్తోంది. ప్రసన్న పెద్ద చక్రం మొదలుపెట్టింది. పన్ను, పన్ను పక్కన పన్ను. సన్నగా ఫ్యాను చప్పుడు. మిషను ఒళ్ళు చల్లగానే ఉంది.

సగం చక్రం దాటింది. ఎప్పుడూ ఆగిపోయే చోటు దాటింది.

అప్పుడు కరెంటు పోయింది.

లైను లైనంతా పోయింది. ఆ ఇళ్ళల్లో ఇన్వర్టర్లు ఎక్కడివి? దేవుడి దగ్గర దీపం కూడా అప్పటికే కొండెక్కింది. తల్లి చెయ్యి వచ్చి ప్రసన్న మణికట్టు పట్టుకుంది. మంచులా ఉంది.

గాఢమైన చీకట్లో... తెర ఒక్కటే వెలుగుతోంది.

"ఆర్పలేదే," అంది పైడితల్లి గుసగుసగా.

"లేదమ్మా."

కరెంటు పోయినా లాప్‌టాప్ ఆగదమ్మా, దాన్లో బ్యాటరీ ఉంటుంది — ఈ మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆ వెలుగులో తల్లి మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదట.

గీస్తూనే ఉంది. ఆ చీకట్లోనే ఆఖరి పన్ను పడింది. చక్రం పూర్తయింది. బొమ్మ దాచింది.

పైడితల్లి తెర దగ్గరికి వంగింది. "సాల్రా, నాయినా," అంది. "తడిసిపోనావు ఆ రోజు... సాలు. పిల్లని సూసుకో."

చాలాసేపటికి కరెంటు వచ్చింది. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది.

"సోమారం ఎల్లు," అంది. "కంచాలు ఎడతాను, రా."

ప్రసన్న లాప్‌టాప్ ఆపింది. మూత వేసింది. వైరు చుట్టింది. సంచీలో పెడదామని మిషను ఎత్తింది...

తేలిగ్గా ఉంది.

బోర్లించి చూసింది. అడుగున, బ్యాటరీ ఉండాల్సిన చోట, గొయ్యి.

తల తిప్పి ట్రంకుపెట్టె కేసి చూసింది. మధ్యాహ్నం చుట్టిన పేపరు చుట్టినట్టే ఉంది. దాని మీద తను పెట్టిన స్క్రూడ్రైవరు పెట్టినట్టే ఉంది.

"అన్నం సల్లారిపోతంది, ఏటి సేత్తన్నావే?"

"వస్తున్నానమ్మా," అంది ప్రసన్న.

ఆ సంగతి ఇంతవరకూ తల్లికి చెప్పలేదట.

ఉద్యోగం వచ్చింది. రోజూ రాత్రి ఆ దారినే ఇంటికొస్తుంది. నేను పంతుల్ని కదా, ఏదో ఒకటి అడక్కుండా ఉండలేను. "అక్కడ టార్చి ఇంకా ఆరిపోతోందా అమ్మా?" అన్నాను.

ప్రసన్న అరుగు దిగి చెప్పులు వేసుకుంటోంది.

"ఆ గది రాకముందే నేనే ఆర్పేస్తాను మాస్టారూ," అంది. "దారి కనబడుతూనే ఉంటుంది."