రంగూన్ స్పెషల్‌లో పాలడబ్బా

ఏజెంట్ కైలాసం శవం మంచిర్యాల దగ్గర పట్టాల పక్కన దొరికింది. రైల్లోంచి జారిపడ్డాడని పోలీసులు తేల్చేశారు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు వాళ్ల కంట పడలేదు.

"మన కంట పడింది," అన్నాడు హైదరాబాద్‌లో చీఫ్ దేవదాస్. "బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చిన మనవాళ్లకు బెల్లంపల్లి పక్కన క్యాంపు నడుస్తోంది. రేషను, మందులు, కుట్టు క్లాసులు. అందులో విదేశీ ముఠా మనిషి ఒకడు దూరాడు. కోడ్‌నేమ్ కొంగ. టార్గెట్ గోదావరి రైలు వంతెన. అది కూలితే బొగ్గు కదలదు."

"నా కవర్?" అడిగాడు లక్ష్మీరాజం.

"స్టోరులో బియ్యం తూచే చెవిటి మూగవాడివి. చెవిటివాడి ముందు ఎవరూ గొంతు తగ్గించరు." దేవదాస్ ఒక కళ్లజోడు అందించాడు. దాని కాడలో మైక్రోఫోన్, చిన్న చప్పుడైనా చెవికి చేరుతుంది. "అక్కడ మన మనిషి ఇంకొకరున్నారు. ఎవరన్నది నీకు చెప్పను. 'మంచిర్యాలలో వానొచ్చిందా?' అంటే, 'గొడుగు అమ్మేశాను' అను."

లక్ష్మీరాజం బియ్యం తూచాడు. దుప్పట్లు పంచాడు. వానాకాలం పోయింది, చలికాలమూ పోయింది. ఎవరూ పలకరించరు, పలకరించినా పలకకూడదు. ఇంట్లోవాళ్ల లెక్కలో అతను బొంబాయి మిల్లులో గుమాస్తా. ఒక్కోసారి ఎవరూ లేనప్పుడు, గొంతు ఇంకా ఉందో లేదోనని బస్తాల చాటున మెల్లగా దగ్గి చూసుకునేవాడు.

కనకవ్వ ఒక్కతే అతని దగ్గరికి వచ్చేది. చొప్పదండిలో పుట్టి, పెళ్లయి రంగూన్ వెళ్లిన మనిషి. మగడు అక్కడే మట్టిలో కలిశాడు. మధ్యాహ్నాలు స్టోరు గడప మీద కూర్చుని చెప్పుకునేది.

"నీకినబడదు గదా కొడుకా, గందుకే చెప్తున్న. ఆయన పోయిననాడు నేను ఏడ్వలే. మా ఊరికి పోతే 'నువ్వెవరవ్వా?' అని అడిగిండ్రు సూడు, గప్పుడు ఏడ్చిన."

లక్ష్మీరాజానిదీ చొప్పదండే. 'మాది గదే ఊరవ్వా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేది. దాన్ని మింగి, తూకం సరిచూసేవాడు.

అతని అనుమానమంతా అనసూర్య మీద. రంగూన్‌లో పెరిగిన అందగత్తె. నల్ల కళ్లద్దాలు, పెదాలకు రంగు, చేతిలో ఎప్పుడూ తోలు హ్యాండ్‌బ్యాగు. వాలంటీరుగా కుట్టు క్లాసులు నడిపేది. తడిక వెనక ఆమె ట్రాన్స్‌మిటర్ మీద మోర్స్‌లో కొంగకు జవాబులివ్వడం అతని కళ్లజోడు పట్టేసింది. కొంగ ఎవరన్నది మాత్రం ఇంకా చిక్కలేదు.

ఎండలు ముదిరాక, కొత్త కాందిశీకులతో మద్రాసు నుంచి స్పెషల్ రైలు బయలుదేరింది. వాళ్లకు ఎదురువెళ్లి తీసుకురావడానికి అనసూర్య, కాంపౌండర్ భూమన్న రామగుండం వెళ్లారు. నీళ్ల కుండలు మోయడానికి లక్ష్మీరాజం, వచ్చేవాళ్లకు బెదురు తీర్చడానికి కనకవ్వ వెంట వెళ్లారు.

నలుగురూ అక్కడ రైలెక్కారు. పెట్టెనిండా మనుషులు. ఎక్కడికొచ్చామో తెలియని చూపులు, పసిపిల్లల ఏడుపులు. రైలు కదిలింది. కనకవ్వ అతని పక్కకు జరిగింది. ఒడిలో పెద్ద పాలపొడి డబ్బా.

"కాంపౌండర్ కడుపునొప్పని దిగిపోయిండు కొడుకా. గీ డబ్బ నాకిచ్చి, మంచిర్యాల దాటినంక పోరగాళ్లకు కలుపుమన్నడు. అందాక ఎవ్వరికియ్యొద్దట. జర బరువున్నది."

లక్ష్మీరాజం వంగాడు. కళ్లజోడు కాడలో టిక్, టిక్, టిక్.

కిటికీలోంచి చూస్తే దూరంగా గోదావరి వంతెన ఇనుప కమానులు. తలుపు దగ్గర అనసూర్య, చెయ్యి హ్యాండ్‌బ్యాగులో. నోరు తెరిస్తే తుపాకీ పేలుతుంది. తెరవకపోతే అందరూ పోతారు.

"అవ్వా, ఆ డబ్బ ఇటియ్యి."

కనకవ్వ ఉలిక్కిపడి డబ్బాను అతని చేతుల్లో పెట్టేసింది. అనసూర్య పిస్టల్ అతని నుదుటికి గురిపెట్టింది. "కదలకు! కొంగవు నువ్వేనని నాకు మొదటినుంచీ..." అతను డబ్బాను తలుపు బయటికి విసరబోవడం చూసి ఆగిపోయింది. నెమ్మదిగా అడిగింది: "మంచిర్యాలలో వానొచ్చిందా?"

"గొడుగు అమ్మేశాను."

"మై గాడ్! నువ్వా?"

"కొంగ భూమన్న. దిగిపోయాడు."

"ముఠాలో చేరినట్టు నటించాను, మోర్స్ చుక్కలే తప్ప వాడి ముఖం చూడలేదు. చెయిన్ లాగనా?"

"వద్దు! లాగితే బండి వంతెన మీదే ఆగుతుంది."

లక్ష్మీరాజం తలుపులోంచి సగం బయటికి వేలాడి, డబ్బాను శక్తికొద్దీ విసిరాడు. కట్ట కింది నీటిగుంతలో అది మునిగిందో లేదో, భూమి దద్దరిల్లింది. బురద కిటికీలదాకా ఎగిసింది. మరుక్షణం చక్రాల కింద వంతెన మోగింది.

అనసూర్య హ్యాండ్‌బ్యాగులోని ట్రాన్స్‌మిటర్ మీదే రామగుండంలోని మనవాళ్లకు కబురు కొట్టింది. భూమన్న టీ బంకు దగ్గర, గ్లాసు చేతిలో ఉండగానే దొరికాడు.

"క్యాంపులో నాతో ఎవరూ మనసిచ్చి మాట్లాడలేదు," అంది ఆమె, పిస్టల్ లోపల పెడుతూ. "నిన్ను ఎలా కాల్చాలా అని ఆలోచిస్తూ పొద్దుపుచ్చేదాన్ని."

కనకవ్వ మాత్రం మొహం కిటికీవైపు తిప్పుకుంది. లక్ష్మీరాజం పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, మాది సుత చొప్పదండే."

ఆమె తిరగలేదు. "అయితే అన్ని ఇన్నవా?"

"ఇన్న."

"నేను ఏడ్చిన ముచ్చట?"

"అది సుత ఇన్న."

వంతెన అయిపోయింది. ఆమె కళ్లొత్తుకుని, కోపంగా అతని మోచేతి మీద ఒక్కటిచ్చింది.

"గన్నొద్దులల్ల ఒక్కపారన్న ఊ కొట్టకపోతివి గదరా!"

ఆమె కథ మళ్లీ మొదటినుంచి అందుకుంది. చీఫ్ ఆర్డరు ఏదీ లేకుండానే, ఏజెంట్ లక్ష్మీరాజం ఊ అన్నాడు.