గిలకభూతం అడిగిన ప్రశ్న

మణిదుర్గంలో మూడేళ్లుగా చినుకు పడలేదు. గిలకభూతం మేఘాలన్నిటినీ కొండగుహలో బంధించింది. గుహ ముందు పెద్ద గిలక, దాని మీద తాడు, తాడు రెండు కొసలకూ రెండు గుండ్లు. ఒకటి కాస్త బరువెక్కువ. ఆ గుండు ఎంతసేపట్లో నేల తాకుతుందో, ఎందుకో చెబితే మేఘాలను వదులుతానంది భూతం. తప్పు చెబితే రాయే! పదకొండుమంది పండితులు రాళ్లయ్యారు. తర్వాత వెళ్లిన వడ్రంగి పాపోజూ తిరిగి రాలేదు.

అతని కూతురు కాళమ్మకు పద్నాలుగేళ్లు, తల్లి లేదు. ఖాళీ ఇంట్లో ఉండలేక, తండ్రిని తెచ్చుకోవాలని ఒంటరిగా బయలుదేరింది. తొమ్మిది రోజుల అడవిదారిలో ఆమెను పలకరించింది ఒక్క మునే. అతను లెక్క రాసిన తాటాకు చేతిలో పెట్టి, "శాస్త్రం ప్రకారం ఐదు లెక్కపెట్టేసరికి దిగుతుంది. అదే చెప్పు" అని కళ్లు మూసుకున్నాడు.

గుహ ముందు పండితులు రాళ్లయినా గడ్డాలు పైకెత్తే ఉన్నారు. పక్కన పాపోజు. కాళమ్మ ఆ చల్లని రాతిచేతిని పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

తర్వాత గుండు వదిలి, తండ్రి ఉలిదెబ్బల లయలో లెక్కపెట్టింది. ఏడు! చెయ్యి వణికిందేమోనని మళ్లీ వదిలింది. ఒకసారి ఏడుంబావు, ఒకసారి ఏడుకు కాస్త తక్కువ. మూడు రోజులు అదే పని. "ఏడేనా నాన్నా?" అని రాతిని అడిగేది. ఐదని చెప్పేసి నాన్న పక్కన రాయైపోతే ఈ ఒంటరితనం తీరుతుందని కూడా అనిపించింది. కానీ మూటలోని ఆముదం తీసి ఇరుసుకు పోసి, మళ్లీ లెక్కపెట్టింది.

నాలుగో రోజు పొద్దున భూతం వచ్చింది. "ఎంత?"

"ఏడు. ఆముదం పోశాక ఆరు."

"శాస్త్రం ఐదంటోందే! నీ లెక్కే తప్పేమో?"

"నా చెయ్యి తప్పైతే ఐదుకు ఒకసారి ముందు, ఒకసారి వెనక రావాలి. ఎప్పుడూ ఆలస్యమే వస్తోంది. అంటే ఏదో పట్టి ఆపుతోంది. తాటాకు లెక్కలో గిలకకు బరువు లేదు, ఇరుసుకు రాపిడి లేదు. ఆలస్యంలో సగం రాపిడిది, అది ఆముదంతో పోయింది. మిగతాది ఇంత చక్రాన్ని తిప్పడానికి పోతోంది."

భూతం కళ్లు చెమర్చాయి. "అందరూ ఏడు లెక్కపెట్టి ఐదన్నారు తల్లీ. చూసింది చూసినట్టు చెప్పే మనిషి కోసం ఒక్కణ్ణే కూర్చున్నాను" అని మాయమైంది.

మేఘాలు గుహ దాటాయి. రాళ్లకు ప్రాణం వచ్చింది. పండితులు గడ్డాలు సర్దుకుంటూ ఊరి దారి పట్టారు. పాపోజు మాత్రం తల దించుకుని వానలో నిలబడ్డాడు.

"నాకూ ఏడే వచ్చిందమ్మా. చదువుకున్న ముని ఐదని రాసిచ్చాడు. వడ్రంగోణ్ణి, నేనొక్కణ్ణే ఏడంటే ఎవరు నమ్ముతారని భయమేసింది."

కాళమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఇప్పుడది వెచ్చగా ఉంది.

"ఇప్పుడు ఇద్దరం నాన్నా" అంది.